మీది ఏ దళం?

జనం ఓటు ఎవరికి వేస్తారో, ఎందుకు వేస్తారో, ఎవరు చెబితే వేస్తారో కనుక్కోవడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లు అదే పని చేశాను. కనుక్కోలేదు. అయినా నెలనెలా పెన్షను వస్తోంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని ధైర్యం చెప్పే విషయంగానే తీసుకోవాలని నా మనవి.

మీరు ఫోనులో ప్రశ్నలు పెట్టుకుని, జవాబు మీద వేలు నొక్కి, సాయంత్రానికి లెక్క తేల్చేస్తున్నారు. మా కాలంలో సైక్లోస్టైలు ఫారాలు. వాటి సిరా చొక్కాకు అంటితే చొక్కా చిరిగేదాకా ఉండేది. కాని తప్పు చేయడానికి అప్పుడైనా ఇప్పుడైనా పెద్ద సరంజామా అక్కర్లేదు. నేను చేసిన తప్పు పొడవు సరిగ్గా ఒక్క మాట.

ఎనభైల మొదట్లో కలకత్తాలో ఒక పరిశోధన సంస్థలో నేను తాత్కాలిక ఉద్యోగిని. ఆరు నెలలకోసారి పొడిగించేవారు. రాష్ట్రంలో ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి కొన్నేళ్లయింది, మళ్లీ ఎన్నికలు రాబోతున్నాయి. ఊళ్లో టీ తాగే ప్రతివాడికీ ఫలితం ముందే తెలుసు. మా డైరెక్టరు గారికి మాత్రం అనుమానం వచ్చింది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు ఎవరి ప్రభావంతో ఓటు వేస్తారు? కులమా, యూనియనా, ఊరి పెద్దా, భార్యా? ఆయన బెంగాలీ ప్రొఫెసరు. ఏ మాటైనా నచ్చితే కళ్లజోడు తీసి కిటికీ తెరతో తుడుచుకునేవారు. నచ్చకపోయినా అంతే. అందువల్ల ఆయన దగ్గర పనిచేయడం కొంచెం ఉత్కంఠగా ఉండేది.

ఏక్‌బాల్‌పూర్‌లో ఉర్దూ, భోజ్‌పురి మాట్లాడేవాళ్ల ఇళ్లు ఇంకొకళ్లకు పడ్డాయి. వాట్‌గంజ్‌లో రేవు పని చేసే శ్రీకాకుళం వాళ్ల ఇళ్లు అరవై నాకు పడ్డాయి. సంస్థలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఇది సరిగ్గా చెయ్యి, నీ పోస్టు పర్మనెంటు చేయిస్తాను," అన్నారు డైరెక్టరు గారు. "ఒక్కటే నియమం. ఫారంలో ఇంగ్లీషు ముక్క ఉండకూడదు. శ్రామికుడి నోట ఇంగ్లీషు రాదు."

డ్యూటీ, షిఫ్టు, గేటు, వించి, క్రేను, ఓవర్‌టైము, యూనియను తప్ప ఆ శ్రామికుల నోట వేరే మాట వచ్చేది కాదని నాకు తెలుసు. కాని పర్మనెంటు అనే ఇంగ్లీషు ముక్క నా నోరు మూయించింది.

బెంగాలీలో ఉన్న ఫారాన్ని తెలుగు చేయడానికి కూర్చున్నాను. ఏడో ప్రశ్న దగ్గర బండి ఆగింది. బెంగాలీలో రాజకీయ పార్టీని 'దల్' అంటారు. పార్టీ అని రాస్తే నియమం తప్పినట్టు. పక్షం అని రాస్తే అమావాస్య, పౌర్ణమి గుర్తుకొస్తాయి. ఒక పూటంతా ఆలోచించాక మెరుపులా తట్టింది. బెంగాలీలో దల్, తెలుగులో దళం. ఇంత దగ్గరి చుట్టం పక్కనే ఉండగా ఊరంతా వెతకడం ఎందుకు?

నేను కలకత్తాలోనే పుట్టి పెరిగాను. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఇంట్లో దళం అంటే శివరాత్రినాడు దొరక్క ఇబ్బంది పెట్టే మారేడుదళం. నాకు తెలిసిన దళాలన్నీ చెట్టుకు మొలిచినవే.

ఫారం చూసి చాలా మురిసిపోయాను. మీరు ఏ దళం వైపు? ఆ దళంలో మీకు తెలిసినవాళ్లు ఎవరెవరు? దళం వాళ్లు మీ ఇంటికి వస్తారా? వస్తే ఏమి అడుగుతారు? మీరు ఏమి ఇస్తారు? చివరిది చందాల గురించి. కలకత్తాలో చందా అడగని పార్టీ లేదు కనుక అది తప్పనిసరి.

వాట్‌గంజ్‌లో ఆ గల్లీ రేవు గోడకు ఆనుకుని ఉండేది. మొదటి ఇంట్లో నాకు టీ ఇచ్చారు. రెండో ఇంట్లో టీ, బిస్కెట్లు. మూడో ఇంటికి నా కంటే ముందే నా కబురు వెళ్లింది. అక్కడ కుర్చీ తుడిచి సిద్ధంగా ఉంచారు. పదో ఇంటి నుంచి వేయించిన చేప మొదలైంది. ప్రశ్న అడిగేసరికి మాత్రం అందరూ గోడకేసి చూసేవారు. ఎదుట ఉన్నవాళ్లు గోడకేసి చూడడం నిరాసక్తత అని మాకు శిక్షణలో చెప్పారు. అలాగే రాసుకున్నాను.

అందరిలోకీ బాగా గుర్తున్నవాడు ఒక వించి డ్రైవరు. ఓడలోంచి సరుకు పైకి లేపే యంత్రం నడిపేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. గట్టి మనిషి, మెత్తటి గొంతు. ఆయన భార్య గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది.

"మీరు ఏ దళం వైపు?" అన్నాను.

కత్తిపీట ఆగింది. ఆయన భార్య వైపు చూశాడు.

"మాకు దళఁవేటి బాబూ," అన్నాడు. "డూటీ, ఇల్లు. ఇల్లు, డూటీ."

"ఆ దళంలో తెలిసినవాళ్లు?"

"ఎవలూ నేరు."

"ఎన్నికల ముందు మీ ఇంటికి వస్తారా?"

"ముందూ రారు, ఎనకా రారు."

"వస్తే ఏమి ఇస్తారు?"

"ఏటీ ఇవ్వనేదు," అంది ఆవిడ గట్టిగా.

ఇస్తారా అని అడిగితే ఇవ్వలేదు అని ఎందుకు అన్నదో అప్పుడే పట్టుకోవలసింది. వ్యాకరణం మీద నాకు మొదటి నుంచీ శ్రద్ధ ఎక్కువే. కాని ఆ పూట శ్రద్ధంతా ఆవిడ పెట్టిన చేప ముక్క మీద ఉంది.

అరవై ఫారాలూ నింపాను. అరవై ఇళ్లవాళ్లూ ఏ దళమూ కాదు. ఏ దళంలోనూ ఎవరూ తెలియదు. ఎవరూ రారు, ఎవరూ పోరు. ఇద్దరు మనుషులు చేరితే మూడు పార్టీలు పుట్టే ఊళ్లో ఇది కొంచెం వింతే. నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను. డైరెక్టరు గారు ఫారాలన్నీ తిరగేసి, కళ్లజోడు తీసి, తెర మొత్తం దగ్గరికి లాక్కున్నారు.

"నిర్దల్!" అన్నారు. ఏ పార్టీకీ చెందనివాణ్ణి బెంగాలీలో అలా అంటారు. "స్వచ్ఛమైన నిర్దల్ ఓటరు! ఎవరి ప్రభావమూ సోకనివాడు! నలభై ఏళ్లుగా వీడి కోసమే వెతుకుతున్నాను."

నా పర్మనెంటు ఫైలు ఆ రోజే ఆయన బల్ల మీదికి వచ్చింది. వచ్చే వారం సెమినారులో ఆయన పత్రం చదువుతారు, ఆ పైన సంతకం పెడతారు. ఈలోగా నియమం ప్రకారం నాలుగిళ్లకు మళ్లీ వెళ్లి, ఇచ్చిన జవాబులు ఇచ్చినట్టే ఉన్నాయో లేదో సరిచూడాలి. వించి డ్రైవరు ఇంటి నుంచి మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే చేప కోసం.

ఆయన భార్య నన్ను చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒచ్చీసేవా? ఎంతమందిని తెచ్చేవు?"

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. "ఒక్కణ్ణే వచ్చానమ్మా."

"జీపెక్కడెట్టేవు?"

"బస్సులో వచ్చాను."

"పోలీసోడికి బస్సేటి?"

నేను పోలీసును కాదని చెప్పడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం నా పర్సనాలిటీ ఒక్కటే. ఆవిడ దాన్ని పైనుంచి కిందికి చూసి కొంచెం తగ్గింది. లోపల ట్రంకుపెట్టె తాడుతో కట్టి ఉంది. దాని మీద వించి డ్రైవరు కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజులుగా పనిలోకి వెళ్లలేదు. ఎల్లుండి ఓడలో అండమాన్ వెళ్లిపోతున్నాడు. రేవులో పర్మనెంటు కార్డు ఉన్న మనిషి, దాన్ని వదిలేసి!

"ఎందుకమ్మా?"

"ఎందుకంటన్నావా? దళం దళం అని మా ఇంటికొచ్చి పదకొండుసార్లన్నావు. నాను నెక్కెట్టేను." ఆవిడ గొంతు తగ్గించింది. "ఈయనకి పద్దెనిమిదేళ్లప్పుడు మా ఊల్లోకి దళఁవొచ్చింది, కొండ మీంచి. తుపాకులట్టుకొని. అన్నం ఒండమన్నారు. ఒండినాడు. తుపాకీ ఉన్నోడు ఒండమంటే నువ్వైతే ఏటి సేస్తువు? మర్నాడు పోలీసులొచ్చినారు. 'దళం వాళ్లు మీ ఇంటికి వస్తారా, వస్తే ఏమి ఇస్తారు' అన్నారు. నీ మాటే బాబూ. ఒక్కచ్చరం తేడా నేదు. ఆ యేలే ఊరొగ్గేసి ఇక్కడికొచ్చినాం. పన్నెండేళ్లయింది. ఇప్పుడు నువ్వొచ్చేవు."

పోలీసులకు భయపడి తన ఖర్చుతో, తనంత తానుగా అండమాన్ బయలుదేరిన మనిషి మన దేశంలో ఇంకొకడు ఉంటాడని అనుకోను. అది నా అనువాద ప్రతిభ. నవ్వు రాలేదు. ఆ ట్రంకుపెట్టె మీద కూర్చున్న మనిషి చేతులు కట్టిన తాడునే విప్పి మళ్లీ కడుతున్నాయి. టన్నుల బరువులు గాల్లో లేపి, గుడ్డు పగలకుండా దించగల చేతులవి.

"దళం అంటే నా ఉద్దేశం పార్టీ అండీ," అన్నాను. "ఎర్రజెండా పార్టీ, అవతలి పార్టీ, అవి."

ఆయన మొదటిసారి తల ఎత్తాడు. "మరి పార్టీ అనక దళఁవన్నావేటి?"

"తెలుగులో అడగాలని..."

"పార్టీ అంటే తెలుగే కదేటి బాబూ?"

పెన్సిలు తీసి, ఏడో ప్రశ్నలో దళం కొట్టేసి పార్టీ అని రాశాను.

ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. నోటిమాట పోలీసులూ చెబుతారన్నాడు. "కాయితం మీద రాసియ్యి. సీలేసి. అప్పుడుంటాను. నేదంటే ఓడెక్కీడమే."

సీలు డైరెక్టరు గారి సొరుగులో ఉంటుంది. సీలు కావాలంటే సంగతి చెప్పాలి. సంగతి చెబితే నిర్దల్ ఓటరు ఉండడు, సెమినారు ఉండదు, పర్మనెంటు అసలే ఉండదు. బస్సులో ఇదంతా లెక్క వేసుకుంటూ రెండు స్టాపులు ముందుకు వెళ్లిపోయి నడిచి వచ్చాను. వీరోచితంగా నిర్ణయించుకున్నానని చెప్పుకోవచ్చు గాని, ఆఫీసు మెట్లెక్కేదాకా నాకు జ్వరం వచ్చిందని ఆవిడకు చెప్పి తప్పించుకునే మార్గాలే ఆలోచించాను.

డైరెక్టరు గారు మొత్తం విన్నారు. కళ్లజోడు తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"అంటే వాళ్లెవరూ తుపాకుల దళంలో లేరు."

"లేరు సార్."

"పార్టీల్లో ఉన్నారా?"

"అది మనం అడగనే లేదు సార్."

"అయితే లేరన్నది ఇంకా అబద్ధం కాలేదు," అన్నారు. నా ఫైలు తీసి సొరుగులో పెట్టి, అదే సొరుగులోంచి సీలు తీశారు. "నీకు ఇంకో ఆరు నెలలు. ఆ మనిషికి ఉత్తరం నేనే రాస్తాను. నీ చేతికి కలం ఇవ్వను."

ఆయన బెంగాలీలో చక్కటి దస్తూరితో రాశారు. ఈ పత్రం తెచ్చినవారు ఏ దల్‌కూ చెందినవారు కారని మా సంస్థ విచారించి ధ్రువీకరిస్తున్నది. కింద గుండ్రటి సీలు. నేను చదివాను, బాగుందనిపించింది. ఒకే గోతిలో రెండుసార్లు పడడానికి కూడా కొంత చదువు కావాలి.

ఓడ వెళ్లిపోయింది. ఆయన ఎక్కలేదు. ఉత్తరానికి అద్దం కట్టించి, మర్నాడు దాన్ని చంకలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాడు. గేటు దగ్గర చూపించాడు, క్యాంటీనులో చూపించాడు. సంతోషం పట్టలేక యూనియన్ ఆఫీసులో కూడా చూపించాడు.

ఆ యూనియన్ కార్యదర్శి రేవు మొత్తానికి దాదా. గల్లీలో ఎవరికి పెళ్లి కుదిరినా, ఎవరికి విరేచనాలు పట్టుకున్నా మొదట ఆయనకు తెలిసేది. ఎవరికి ఏ ఓడ మీద పని అన్నది ఆయన నోటిమాట మీద నడిచేది. ఆయన ఉత్తరం చదివాడు. రేవులో పన్నెండేళ్లుగా యూనియన్ రసీదు ఉన్న మనిషి, ఏ పార్టీ వాణ్ణీ కానని సీలు వేయించుకుని, అద్దం కట్టించుకుని, ఎన్నికల ముందు ఊరేగుతున్నాడు! నామినేషన్లకు ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి. దాదా బుర్రలో దీనికి ఒక్కటే అర్థం తట్టింది.

సాయంత్రానికి గల్లీ అంతా గుప్పుమంది. వించి డ్రైవరు ఇండిపెండెంటుగా నిలబడుతున్నాడు. ఏ గుర్తు తీసుకోవాలన్న దాని మీద రెండు వర్గాలు కూడా అయ్యాయి. సగంమంది పడవ అన్నారు, సగంమంది చేప. ఇది మాత్రం తెలియనివాడు అభ్యర్థి ఒక్కడే. ఆయనకు తెలిసిందల్లా ఆ రోజు తన పేరుకు పని పడలేదని.

మర్నాడు ఆయన భార్య ఏకంగా మా ఆఫీసుకే వచ్చింది. "నీ కాయితం పోలీసుల్నుంచి కాసింది. దాదా నుంచి ఎవులు కాస్తారు? రా," అంది. ఆవిడ వెనకే వెళ్లాను.

యూనియన్ ఆఫీసులో దాదా బల్ల మీద ఆ అద్దం బోర్లించి ఉంది. వించి డ్రైవరుకు బెంగాలీ సగం అర్థమవుతుంది, దాదాకు తెలుగు అసలు రాదు. ఇద్దరి మధ్యా కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. అంటే మళ్లీ అనువాదమే.

"నిన్ను నిలబెట్టిందెవరు?" అన్నాడు దాదా.

"నిలబెట్టడమేటి? కూకోమన్నా నాను కూకోనేదు," అన్నాడు వించి డ్రైవరు.

ఈసారి నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేశాను. పార్టీ అన్నచోట పార్టీ అన్నాను. తప్పంతా నాదనీ, ఉత్తరంలోని దల్ వేరనీ, ఆయన ఎక్కడా నిలబడడం లేదనీ చెప్పాను. దాదా చాలాసేపు విని, సొరుగులోంచి ఓటర్ల జాబితా తీశాడు. పాతది, పెన్సిలు టిక్కులతో నిండినది.

"పోనీ, నువ్వు చెప్పింది నిజమే అనుకుందాం. మరి ఇది చూడు. గల్లీలో ప్రతి పేరు పక్కనా టిక్కు ఉంది. చచ్చిపోయినవాళ్లకు కూడా ఉంది. ఇతని పేరు పక్కన ఒక్కసారీ లేదు. వచ్చి పన్నెండేళ్లయినా ఒక్క ఓటూ వేయలేదు. ఎందుకు వేయలేదో అడుగు. మన మనిషే అయితే ఎందుకు వేయడు?"

అడిగాను. ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"లోపల పేరు సదువుతారట బాబూ. గట్టిగా. అన్ని పార్టీలోలూ ఇనాలని. కిటికీలోంచి రోడ్డుకినిపిస్తాదట. నా పేరు పోలీసోల కాయితంలో ఉంది కదా, అక్కడ, మా ఊల్లో."

దాదా నా మొహంలోకి చూస్తున్నాడు. ఉద్యోగ జీవితంలో తెలిసి చేసిన తప్పుడు అనువాదం నాకు ఒక్కటే ఉంది.

"మోకాళ్ల నొప్పులట దాదా," అన్నాను.

దాదా మొహం విప్పారింది. "అంతేనా! ముందే చెప్పొచ్చు కదా. రిక్షా పంపిస్తాం."

రేపటి నుంచి పని ఇస్తారు. పోలింగు నాడు మాత్రం జాబితాలో టిక్కు పడాలి. పడకపోతే మోకాళ్ల నొప్పులవాడు వించి ఎలా నడుపుతాడని దాదా నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వును అనువదించవలసిన పని పడలేదు. దాదాలు నవ్వే భాష కూలీలందరికీ వచ్చు.

పోలింగు నాడు ఉదయం ఓట్లు వేయించే బడికి, మైలు దూరం కూడా లేకపోయినా, ఆయన ఎర్రజెండా కట్టిన రిక్షాలో వచ్చాడు. ఇద్దరు కార్యకర్తలు చెరో రెక్క పట్టుకుని దించారు. ఆయన భార్య ఆడవాళ్ల వరుసలోకి వెళుతూ, "ఒకేల ఏదైనా అయితే కిటికీ దగ్గరే ఉండు బాబూ," అని నాతో చెప్పింది. నేను ఉంటే ఏమి చేయగలనో ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. కిటికీ బయట నిలబడ్డాను.

వరుస నెమ్మదిగా కదిలింది. ఆయన వంతు వచ్చింది. పోలింగు అధికారి జాబితా చూసి పేరు గట్టిగా చదివాడు. చదివాడంటే, బెంగాలీ నోరు కదా, అ అన్నచోటల్లా ఓ అని, చివరి రెండక్షరాలు మింగేసి, అంతా గుండ్రంగా చేసి వదిలాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ చదివాడు. ఈసారి ఇంకా గుండ్రంగా వచ్చింది.

ఆయన అక్కడే, బల్ల ముందే నిలబడి ఉన్నాడు. మొహం చూస్తే భయం పోయి చిరాకు వచ్చింది. పన్నెండేళ్లు దాచుకున్న పేరు అది.

"అది కాదు," అన్నాడు. తన పేరు సరిగ్గా చెప్పాడు. అధికారి ప్రయత్నించాడు. కుదరలేదు. "కాదంటన్నానా!" అని ఇంటిపేరుతో కలిపి మళ్లీ చెప్పాడు, వించి చప్పుడు మీద కేక వేసే గొంతుతో. అధికారి మళ్లీ తప్పు పలికాడు. మూడోసారి తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా అన్నీ కలిపి చెప్పాడు. రోడ్డు మీద రిక్షావాడు తల తిప్పి చూశాడు. ఆడవాళ్ల వరుసలో ఆయన భార్య నోట్లో కొంగు కుక్కుకుంది. పోలీసు ఒకడు గుమ్మంలోకి తొంగిచూసి, గొడవ ఉచ్చారణ గురించేనని తెలుసుకుని మళ్లీ బీడీ వెలిగించుకున్నాడు.

బయటికి వచ్చాడు. వేలి మీద సిరా. లోపల ఎర్రజెండా ఏజెంటు టిక్కు పెట్టుకున్నాడు. రిక్షా మనదే కనుక ఓటూ మనదే. అవతలి పార్టీ ఏజెంటు కూడా పెట్టుకున్నాడట. అంత కోపంగా ఉన్నవాడు ప్రభుత్వానికి వేయడు కనుక మనకే. మా డైరెక్టరు గారి పత్రంలో ఆయన అప్పటికే నిర్దల్.

"ఇంతకీ ఎవరికి వేశారు?" అన్నాను. అది ఉద్యోగం. అడక్క తప్పదు.

"ఎవుడికి సూసేను బాబూ? ముద్ర నా సేతిలో ఎట్టేక కూడా ఆడు నా పేరు తప్పే అంటన్నాడు. ఆడికేసి సూస్తూ గుద్దీసేను. ఎక్కడ పడిందో మరి."

రిక్షా ఎక్కమన్నారు. ఎక్కనన్నాడు. మోకాళ్ల సంగతి నేను గుర్తు చేసినా వినిపించుకోలేదు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"నీ కాయితంలో నా పేరెలాగ రాసేవు? సూపించు."

సంచిలోంచి ఆయన ఫారం తీసి చూపించాను. మా నియమం ప్రకారం పేర్లు రాయం, అంకెలే రాస్తాం. ఆయన అంకె నలభై ఒకటి. అక్షరాలు రాకపోయినా అంకెలు ఆయనకు బాగా వచ్చు. రేవులో పెట్టెలన్నిటి మీదా ఉండేవి అవే.

"కొట్టీ," అన్నాడు. "పేరు రాయి."

నియమం తప్పించి నలభై ఒకటి కొట్టేసి, పేరు తెలుగులో రాశాను. ఇంటిపేరు కూడా రాయమన్నాడు, రాశాను. ఆయన సిరా ఉన్న వేలితో ఆ గీతలను ఈ చివర నుంచి ఆ చివరికి తడిమాడు.

"సదువు."

చదివాను.

"అలాగ గొణుగుతావేటి బాబూ?" అన్నాడు. "రోడ్డుకినపడాల."